ముక్కు కప్పుకి ఐదు స్టార్లు

మే 4, సోమవారం

పార్సిలు వచ్చింది. పెట్టె కాదు, బట్టలు పంపే ప్లాస్టిక్ కవరు. చేతిలోకి తీసుకోగానే లోపల గలగలమంది. ఆ చప్పుడు విన్నాక ఇక విప్పాల్సిన పనే లేదు. అయినా విప్పాను. ఒక్క మడత న్యూస్‌పేపరు, అందులో కప్పు, కప్పు పక్కన దాని ముక్కు.

అత్తయ్య మంచం మీద నుంచే చూసి, "నయమే. ముక్కు అక్కడే వదిలేసి రాలేదు, వెంట తెచ్చుకుంది," అన్నారు.

మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎన్నాళ్ళు వెతికితే దొరికిన కప్పు అది.

పోయిన నెల నా చేతిలోంచి సింకులో జారి విరిగిన కప్పు అచ్చం ఇలాగే ఉండేది. తెల్ల పింగాణీ, పైన సగం మూత, పక్కకి చిన్న కొమ్ములాంటి ముక్కు. పడుకున్న మనిషికి మెడ ఎత్తకుండా, చుక్క ఒలకకుండా తాగించవచ్చు. అత్తయ్య ఆస్పత్రిలో పెద్దనర్సుగా చేసిన రోజుల్లో వార్డులో అవే వాడేవారట. రిటైరైనప్పుడు ఒకటి అడిగి తెచ్చుకున్నారు. పక్షవాతం వచ్చి కుడివైపు పట్టు తప్పాక దానితోనే తాగారు. ఇప్పుడవి ఎవరూ తయారు చేయడం లేదు. ప్లాస్టిక్‌వి తెచ్చాను. "చంటిపిల్లల సామాను నా నోట్లో పెట్టకు" అన్నారు. స్టీలుదైతే పళ్ళు జివ్వుమంటున్నాయన్నారు. ఆయన పాత ముక్కుని జిగురుతో అతికిస్తే నీళ్ళు జిగురు కంపన్నారు. గాజు గ్లాసు పడితే సగం మెడలోకి పోతున్నాయి. రెండు గుక్కలు తాగి, చాలంటారు.

అందుకే పాత సామాన్లు వేలం వేసే యాప్ ఆయనే నా ఫోనులో పెట్టి ఇచ్చారు. అందులో నా పేరు కూడా ఆయనే పెట్టారు, "చల్లనిమనసు" అని.

దేవుడు ఇంకొకటి చూపిస్తాడు. తొందరపడకూడదు.

మే 5

కవరులో ఒక చీటీ కూడా ఉంది. నిన్న చూడలేదు. "మాది చిన్న షాపు. ఐదు స్టార్లు ఇచ్చి మమ్మల్ని నిలబెట్టండి" అని చేత్తో రాసి ఉంది. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్లల రాతలా ఉన్నాయి.

ఐదు ఇచ్చాను. కింద రెండు మాటలు రాయమంటే రాశాను. "కప్పు చాలా అందంగా ఉంది. భద్రంగా కట్టి పంపారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

అందంగా ఉందన్నది నిజమే. భద్రంగా అన్నది అబద్ధం అనడానికి లేదు. అది దీవెన లాంటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ ఊరికే అనేది కాదు. ఒకరి పొట్ట కొట్టి నేను బావుకునేదేముంది.

మే 8, శుక్రవారం

ఇంటికొచ్చి చూసే నర్సమ్మాయి వచ్చింది. బీపీ చూసింది. "నీళ్ళు బాగా తాగుతున్నారా ఆంటీ?" అని నన్ను అడిగింది.

"తాగుతున్నారమ్మా," అన్నాను.

అత్తయ్య నా వంక చూశారు. నేను దుప్పటి సర్దాను. ఆవిడ గురించి బయటివాళ్ళకి చాడీలు చెప్పినట్టుంటుంది. అయినా తాగరని కాదు. తక్కువ తాగుతారు.

మే 12, మంగళవారం

రెండోది వచ్చింది, వేరే అతని దగ్గర నుంచి. ఇది పెట్టెలోనే వచ్చింది. బూట్ల పెట్టె. దాని చుట్టూ ఎంత టేపంటే అట్ట కనపడటం లేదు. కత్తెర మొండిదైంది, కత్తిపీట తెచ్చాను. పైన పటారం లోన లొటారం అంటారే, అదే. లోపల కాగితం ముక్క కూడా లేదు. కప్పు ఒక మూల, పిడి ఒక మూల, వాటి మధ్య పిడికిలంత ఇనుప తాళంకప్ప.

చీటీ ఉంది. "మీకు మా ఉచిత కానుక."

దారంతా ఆ తాళంకప్ప కప్పుని కొడుతూనే వచ్చి ఉంటుంది. పిడి ఊడటమే కాదు, అడుగున చీలిక కూడా. నీళ్ళు పోస్తే చెమర్చింది.

ఆయన తాళంకప్పని తిప్పి తిప్పి చూశారు. "తాళంచెవి ఏదే?"

"లేదండి."

"అయితే చెవి కోసం ఇంకో వేలం పాడాలన్నమాట."

అత్తయ్యకి పొలమారేంత నవ్వు వచ్చింది. ఆయన వంగి ఆవిడ వీపు నిమరబోయి, మధ్యలో ఆగి నడుం పట్టుకున్నారు. పొద్దున అత్తయ్యని బాత్రూముకి ఎత్తుకెళ్ళినప్పటి నుంచి పట్టేసిందట. పనిచేసే గ్యారేజీలో కూడా బండి కిందికి దూరలేకపోతున్నానన్నారు. కాపడం పెట్టాను.

నేను డ్రైక్లీనింగ్ షాపులో పనిచేస్తాను. ఒక్క చొక్కా ఇచ్చినా కాలరు కింద అట్ట పెట్టి, మడతల మధ్య కాగితం పెట్టి, పిన్ను గుచ్చుకోకుండా తిప్పి పెడతాం. చొక్కా కింద పడితే పగలదు కదా. పింగాణీ పగులుతుందని ఆ మనిషికి ఎవరైనా చెప్పాలా?

ఐదు స్టార్లు ఇచ్చాను. కానుక ఇచ్చిన మనిషిని ఏమంటాం. "కానుకకి ధన్యవాదాలు" అని రాశాను.

మే 13

ప్రార్థనలో కూర్చుంటే కప్పు గుర్తొస్తోంది. లేచిపోయాను.

మే 16, శనివారం

ఈసారి తెలివిగా చేశాను. పాడేముందే, కొత్తగా దొరికిన కప్పు అమ్మే అతనికి మెసేజ్ పెట్టాను. "అయ్యా, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారు. ముక్కు సున్నితంగా ఉంటుంది. దయచేసి జాగ్రత్తగా కట్టండి."

వెంటనే జవాబు. "నేను కట్టానంటే ఏనుగెక్కినా పగలదమ్మా. నిశ్చింతగా ఉండండి."

ప్రాణం లేచొచ్చింది. పాట నాకే వచ్చింది. ఎవరూ పోటీ రాలేదు. దేవుడి దయ.

అత్తయ్యతో చెప్పాను. "ఏనుగు సంగతి తర్వాత, పోస్టువాడు ఎక్కితే ఆగుతుందేమో కనుక్కో," అన్నారు. నోరు మాత్రం ఎంత బాగా పనిచేస్తుందో. అలాంటప్పుడు ఆవిడ బాగానే ఉన్నారనిపిస్తుంది.

ఆవిడ పద్ధతి మనిషి కూడా. రోజంతా ఒక్కసారి కూడా నన్ను బాత్రూముకి అడగరు. పొద్దున ఆయన పనికి వెళ్ళేముందు, సాయంత్రం ఆయన వచ్చాక, అంతే. గడియారం చూసుకోవచ్చు.

మే 20, బుధవారం

అతను చెప్పింది నిజమే. ఏనుగెక్కినా పగల్లేదు. నా చేతిలో పగిలింది.

అట్టపెట్టె మంచిదే. చుట్టూ కాగితం ఉండలు కూడా ఉన్నాయి. కానీ కప్పుకి కాగితం చుట్టకుండా పెట్టెలకి వేసే వెడల్పు టేపునే నేరుగా పింగాణీకి చుట్టాడు. ముక్కు నుంచి పిడికి, పిడి నుంచి మూతకి, దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టినట్టు. కప్పు కనపడదు, టేపు ముద్ద కనపడుతుంది. గోటితో లాగాను, రాలేదు. కత్తెర మొన దూర్చాను, రాలేదు.

"వేడినీళ్ళలో నానబెట్టవే. ఎండిన కట్టు పీకకూడదు, తడపాలి," అన్నారు అత్తయ్య.

వినుంటే బాగుండేది. షాపుకి టైమవుతోంది. ఒక్క లాగు లాగాను. టేపుతో పాటు ముక్కు వచ్చేసింది.

ఎవరిననాలి? అతను భద్రంగానే పంపానంటాడు. మింగలేక కక్కలేక కూర్చున్నాను. షాపులో ఒకావిడ కోటు వేరే ఆవిడకి ఇచ్చేశాను. యజమాని చూశాడంతే. ఆ చూపు కన్నా తిట్టు నయం.

అతనికీ ఐదే. ఇంకేం ఇస్తాం.

మే 22

రాయడానికి ఏమీ లేదు. అత్తయ్య పెదవులు ఎండిపోయి చీలాయి. ఎండల వల్ల.

మే 24, ఆదివారం

మొదటి కప్పు పంపిన చిన్న షాపులో మళ్ళీ ఒకటి కనపడింది. వాడనిదట. అంచుకి నీలం గీత ఉంది. ఫొటోలో ముక్కు నిండుగా, ఎక్కడా గీటు లేకుండా ఉంది. ఈసారి ఆ షాపుకి కూడా ముందే చెబుదామనుకున్నాను. కానీ భద్రంగా కట్టారని నేనే రాశాను కదా. ఇప్పుడేమని చెప్పను? కొన్నాక చూద్దామనుకున్నాను.

పాట మొదలుపెట్టాను. ఎవరో "పులిపిల్ల" అట. నేను పెంచితే తను పెంచింది. మళ్ళీ పెంచాను. మళ్ళీ పెంచింది. మేము ఒక పాత కప్పుకి ఎంత ఇవ్వగలమో అంతా అయిపోయింది. ఆయన "వదిలెయ్యవే" అన్నారు. ఇంకోసారి పెంచాను. పులిపిల్ల ఒక్కసారే చాలా పైకి పాడి కూర్చుంది. టైమైపోయింది.

వాళ్ళింట్లో కూడా ఎవరికో జబ్బు చేసి ఉంటుంది. దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి.

కాదు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఇలా రాసినందుకు దేవుడు క్షమించాలి. కానీ మండింది.

మే 28, గురువారం

మధ్యాహ్నం షాపు నుంచి వచ్చేసరికి అత్తయ్య నన్ను చూసి, "నైట్ డ్యూటీ నీదేనా? మూడో బెడ్డు ఆవిడని చూశావా?" అన్నారు.

ముందు తమాషా అనుకున్నాను. మళ్ళీ అడిగారు. కళ్ళు నా మీద లేవు.

నర్సమ్మాయికి ఫోన్ చేశాను. వచ్చింది. అత్తయ్య చేతి మీద చర్మం పట్టి వదిలింది. పట్టిన చోట చర్మం గుడారంలా అలాగే నిలబడింది, వెంటనే కిందికి దిగలేదు.

"ఆంటీ, నిజంగా తాగుతున్నారా?"

"తాగుతున్నారమ్మా."

నోట్లోంచి అదే వచ్చింది. ఆ అమ్మాయి నా వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత గ్లూకోజు నీళ్ళు చెంచాతో తనే పట్టింది. సాయంత్రానికి అత్తయ్య మామూలయ్యారు, నన్ను పోల్చుకున్నారు.

వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పింది. "వచ్చే బుధవారం వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టాలి. ఈ వయసులో కిడ్నీ ఒకసారి దెబ్బ తింటే మళ్ళీ మన చేతిలో ఉండదు."

అత్తయ్యకి వినపడింది. "నేను డ్యూటీ చేసిన చోట నన్ను పడుకోబెట్టొద్దు. చెబుతున్నాను," అన్నారు, గోడ వైపు చూస్తూ. తమాషాగా అనలేదు.

నాకు కప్పు కావాలి. ఎక్కడైనా సరే.

మే 30, శనివారం

ఇవాళ్టిది మొత్తం రాస్తాను.

వదిన వచ్చింది. ఆయన అక్క. వదిన వీధి మలుపులో ఉండగానే మాకు మాట వినపడుతుంది. బట్టల షాపులో లెక్కలు చూస్తుంది, అక్కడ ఆవిడకి ఎదురుచెప్పినవాళ్ళు లేరు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అమ్మా, నీకేం తెచ్చానో చూడు. విప్పకుండా తెచ్చా, నీ ముందే విప్పుదామని."

ఆ కవరు చూడగానే నాకు అర్థమైంది. గుండ్రటి అక్షరాలు. వదిన ఊపుతూ ఉంటే లోపల గలగలమంటోంది. వదినకి తన మాటల్లో వినపడలేదు.

కత్తెర అడిగింది. ఇచ్చాను. ఒక్క మడత న్యూస్‌పేపరు. నీలం గీత ఉన్న పెంకులు అత్తయ్య దుప్పటి మీద పడ్డాయి. ఈసారి ముక్కు మాత్రమే కాదు, ఏది ముక్కో కూడా తెలియడం లేదు.

వదిన కాసేపు మాట్లాడలేదు. అది మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

తర్వాత ఫోను తీసింది. "నేనేమైనా గుడ్డిగా కొన్నానా? చూసే కొన్నా. ఇదిగో ఇక్కడ ఎవరో మహాతల్లి రాసింది, వినండి. భద్రంగా కట్టి పంపారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. దీని పేరు చల్లనిమనసు అట. చల్లగా ముంచింది. ఇది షాపువాళ్ళ మనిషే అయ్యుంటుంది. కూలికి రాసే రకం. ఇలాంటివాళ్ళకి దేవుడి పేరెత్తడానికి నోరెలా వస్తుందో."

ఆయన దగ్గారు. నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశారు. ఆ పేరు పెట్టింది ఆయనే కదా.

నేను వంటగదిలోకి వెళ్ళాను. కుళాయి తిప్పాను. ఊరికే నీళ్ళు పోతూ ఉన్నాయి. ఆయన చెప్పరు. వదినకి ఎప్పటికీ తెలియదు. దేవుడికి తెలుసు, కానీ దేవుడు వదినతో చెప్పడు.

కుళాయి కట్టేసి వచ్చాను.

"చల్లనిమనసు నేనే వదినా."

"ఏంటి?"

"ఆ రాసింది నేనే. నాకు వచ్చిన కప్పు కూడా పగిలే వచ్చింది. అయినా అలా రాశాను."

"ఎందుకు?"

"పాపం కదా అని," అన్నాను. ఎంత పిచ్చిగా వినపడిందో ఆ మాట.

వదిన నన్ను చూసింది, ఫోను చూసింది. "ఆగు. అయితే ఆదివారం నా మీద పాడి పాడి ధర పెంచింది కూడా నువ్వేనా?"

"పులిపిల్ల మీరా?"

"మరి ఇంకెవరు?"

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. ఎండిన పెదవి చీలి నెత్తురు చెమ్మ వచ్చినా నవ్వు ఆపలేదు. "ఒక ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు, ఒక కప్పుకి కొట్టుకున్నారు. గెలిచింది మాత్రం ఆ పోస్టువాడు."

వదిన నవ్వలేదు. "నీది మంచితనం కాదు. మంచిదాన్ని అనిపించుకోవాలని పిచ్చి. నీ వల్ల మా అమ్మకి ఇవాళ కప్పు లేదు," అంది. అని పెంకులు ఏరసాగింది. నేను కూడా కూర్చుని ఏరాను. ఎదురుచెప్పడానికి ఏముంది.

అత్తయ్య నవ్వు ఆపి, నీరసంగా అన్నారు. "దాన్ని ఊరికే అనకే. ఇలాంటి పిల్లలు నా దగ్గర కూడా పనిచేశారు. ఏ రోగి గురించి అడిగినా బాగున్నారు సిస్టర్, బాగున్నారు సిస్టర్. రోగులు కూడా బాగున్నాననే అంటారు. అందుకే నేను రౌండ్‌కి వెళ్తే, బాగున్నానని చెప్పిన రోగినే ముందు చూసేదాన్ని."

మే 31, ఆదివారం

ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను. ఒకటి తెలిసింది. దేవుడికి కూడా నేను ఇన్నేళ్ళుగా "అంతా బాగుంది స్వామీ, నీ దయ" అనే చెబుతున్నాను. ఆయనకి కూడా ఐదు స్టార్లే.

జూన్ 1, సోమవారం

చిన్న షాపుకి మెసేజ్ పెట్టాను. రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి పంపాను. "మీ రెండు కప్పులూ పగిలే వచ్చాయి. మొదటిది బాగా కట్టారని రాసింది నేనే. అది నిజం కాదు. మీరు అసలు బాగా కట్టడం లేదు."

పంపాక కాసేపటికి ఫోన్ మోగింది. ఆడమనిషి గొంతు, నా ఈడే ఉంటుంది.

"అమ్మా, మీరేనా చల్లనిమనసు?"

"నేనేనండి."

"మీ మాటలు చదివి మా ఆయనకి కూడా వినిపించానమ్మా. మేము కొత్తగా పెట్టాం. మాకేం తెలుసు ఎలా కట్టాలో? అట్టపెట్టెలు తెప్పిద్దాం అనుకుంటూ ఉన్నాం. అప్పుడే మీరు రాశారు, భద్రంగా ఉందని. అయితే కవరు చాలులే అనుకున్నాం. ఆ తర్వాత పోయినవన్నీ అలాగే పంపాను. ఒకరిద్దరు తిట్టారు. వాళ్ళే ఎక్కడో పడేసుకుని ఉంటారనుకున్నా. అంత మంచావిడ బాగుందన్నారు కదా అని."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ముందే ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది కదమ్మా," అంది. కోపంగా కాదు. నాలాగే మెత్తగా మాట్లాడే మనిషి. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఆ రకం కప్పులు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవట. అవే రెండు.

నేను ఎవరి పొట్టా కొట్టలేదని గొప్పగా రాసుకున్నాను ఈ డైరీలో. వెనక్కి తిప్పి చదవను.

జూన్ 2, మంగళవారం

రేపు నర్సమ్మాయి వస్తుంది.

పొద్దున్నుంచి అత్తయ్య తాగింది మూడు గుక్కలు. షాపుకి సెలవు పెట్టాను. గాజు గ్లాసుతో మంచం పక్కన నిలబడ్డాను.

"దాహంగా లేదా అత్తయ్యా?"

"లేదు. బాగానే ఉన్నాను."

గ్లాసు కింద పెట్టాను. మామూలుగా అయితే అక్కడితో వెళ్ళిపోయేదాన్ని. పోలేదు.

"బాగున్నానన్న రోగినే ముందు చూసేవాళ్ళు కదా మీరు."

ఆవిడ నా వంక చూడలేదు. ఫ్యాను చూశారు. అలా చూస్తూనే అన్నారు. "ఆ కప్పు బంగారంలా వచ్చినా నేను తాగనే."

"ఎందుకు?"

"తాగితే లేవాలి. లేస్తే వాడు ఎత్తాలి. వాడి నడుం చూశావా? అక్కడ బాత్రూముకి మెట్టొకటి. ఆ మెట్టు దగ్గర వాడు పళ్ళు బిగపడతాడు, నాకు చెవి పక్కనే వినపడుతుంది. అయినా, మగపిల్లాడు. కన్నకొడుకే అనుకో. నేనెంతమందికి చేశానో లెక్కే లేదు. చేయించుకోవడమే నాకు రావడం లేదు."

నాకు జాలి వేయాలి. వేసింది, తర్వాత. ముందు మాత్రం కోపం వచ్చింది. నెలరోజుల టేపు, తాళంకప్ప, పెంకులు, పులిపిల్ల, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"మరి నాతో ఇన్ని కప్పులు ఎందుకు కొనిపించారు?"

గట్టిగానే అన్నాను. పక్కింట్లో వినపడి ఉంటుంది.

అత్తయ్య ఇప్పుడు నా వైపు తిరిగారు. "నువ్వు కప్పులు కొంటూ ఉంటే ఇదంతా అడగవు కదా అని."

నిజమే. నేను కూడా కప్పులు కొంటూ ఉంటే అడగక్కర్లేదు కదా.

"ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తుంది అత్తయ్యా. అక్కడ ఎవరో కొత్త పిల్లలు ఎత్తుతారు. అది సరేనా?"

అత్తయ్య ఎడమ చేత్తో దుప్పటి అంచు నలుపుతూ ఉన్నారు.

జూన్ 3, బుధవారం

నర్సమ్మాయి గుమ్మంలో ఉండగానే చెప్పేశాను. తర్వాతైతే చెప్పలేనని. "తాగడం లేదమ్మా. మొదటి నుంచీ తాగడం లేదు. నీకు అబద్ధం చెప్పాను." ఎందుకు తాగడం లేదో కూడా చెప్పాను. అత్తయ్య కళ్ళు మూసుకుని వింటున్నారు.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. కుర్చీలో కూలబడింది. "ఇంత చిన్నదానికా ఆంటీ. మంచం పక్కన కమోడ్ కుర్చీ వేస్తే బాత్రూముదాకా పోయే పనేముంది? అంకుల్‌తో కూడా పని లేదు, మీరొక్కరే దింపొచ్చు. నేర్పిస్తాను. ఇవాళ్టి నుంచి తాగితే రెండు రోజులు చూద్దాం. శుక్రవారం నేనే వచ్చి చెబుతా, ఆస్పత్రా కాదా అని."

ఆయన వెళ్ళి మెడికల్ షాపు నుంచి కుర్చీ అద్దెకి తెచ్చారు. బండి మీద తాడుతో కట్టుకుని, ఏ కవరూ లేకుండా వీధి వీధంతా చూసేలా తెచ్చారు. ఎక్కడా గీటు పడలేదు.

నర్సమ్మాయి, పట్టుకుని లేపడానికి అత్తయ్య నడుంకి గుడ్డ ఎలా చుట్టాలో చూపించబోయింది. అత్తయ్య కళ్ళు తెరిచారు.

"అలా కాదమ్మా. ముడి వెనక కాదు, పక్కకి. నీకు ఎవరు నేర్పారు?" తర్వాత నాకు, "ఏమే, నడుం వంచకు, మోకాళ్ళు వంచు. నీ కాలు నా కాళ్ళ మధ్య పెట్టు. నన్ను ఎత్తకు, నీ వైపుకి లాక్కో. బరువు అదే వస్తుంది. ఇప్పుడు తిరుగు. తిరగవే, మొద్దులా నిలబడతావేం."

తిరిగాను. ఆవిడ కుర్చీలో ఉన్నారు. నా నడుంకి ఏమీ కాలేదు.

"పర్వాలేదు," అన్నారు. "ఇంకో నలుగురిని దింపితే వస్తుంది."

కుర్చీలో నిటారుగా కూర్చోబెడితే ఎడమ చేత్తో గ్లాసు ఆవిడే పట్టుకోగలరు. మాకెవరికీ తట్టలేదు. పడుకోబెట్టి తాగించే కప్పు వెతుక్కుంటున్నాం కదా.

జూన్ 5, శుక్రవారం

నర్సమ్మాయి చర్మం పట్టి వదిలింది. దిగింది. కాస్త నెమ్మదిగా, కానీ దిగింది. ఆస్పత్రి వద్దంది. ఆ అమ్మాయి వెళ్ళాక అత్తయ్య, "పిల్ల మంచిదే. ముడి వేయడం రాదు," అన్నారు.

వదిన ఫోన్ చేసింది. నా మీద ఇంకా కోపంగానే ఉంది. ఉండనీ.

తాళంకప్ప పంపినతనికి రెండు స్టార్లు ఇచ్చాను. ఒకటే ఇద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

జూన్ 7, ఆదివారం

పొద్దున్నుంచి నీళ్ళు, పాలు, మళ్ళీ నీళ్ళు. తాగిన ప్రతిసారీ కాసేపటికి పిలుపు. ముడి, మోకాలు, తిప్పు, కూర్చోబెట్టు. మళ్ళీ ముడి, మోకాలు, తిప్పు, పడుకోబెట్టు. ఆయన సాయం వస్తానంటే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద కలిపాను. లోపలి నుంచి, "ఏమే."

వెళ్ళాను. "ఇప్పుడే కదా అత్తయ్యా దింపాను."

"తాగమన్నది నువ్వే."

చేతికి అన్నం మెతుకులు. వీపు చెమటతో తడిసింది. సరేనండి, పర్వాలేదండి అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు విసుగ్గా ఉంది అత్తయ్యా," అన్నాను. "చాలా విసుగ్గా ఉంది."

ఆవిడ నన్ను కిందనుంచి పైకి, రౌండ్‌కి వచ్చిన మనిషిలా చూశారు.

"ఉండదా మరి," అన్నారు. ఎడమ చెయ్యి చాపారు. "చెయ్యి కడుక్కుని రా. నేను ఆగుతాను."

కడుక్కుని వెళ్ళాను. ఆగారు.